తెల్లదొరలు దేవతలైన కథ

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో పుస్తకముల బీరువా తలుపు మూతపడకుండ నిలుచుట సామాన్యవిషయము కాదు. చదువుటను అలవాటు చేయుట గ్రంథాలయమునకు మొదటి పని. చదివినదానిని విచారించుటను అలవాటు చేయుట రెండవ పని. మొదటిదానికంటె రెండవది కష్టము. ఆ రెండవ పనికి ఉదాహరణముగా, ఐదువందల యేండ్లనుండి లోకము చెప్పుకొనుచున్న ఒక కథను ఈ శుభదినమున పరీక్షించుట యుక్తము.

కథ యిది. సముద్రముమీద పెద్ద ఓడలు కనిపించినవి. వానినుండి తెల్లని దేహచ్ఛాయయు, గడ్డములును గల మనుష్యులు దిగిరి. తుపాకులు పేలినవి. ఆ దేశపు జనులు భయాశ్చర్యములతో, ఆకాశమునుండి దేవతలే దిగివచ్చిరని తలంచి సాగిలపడి మ్రొక్కిరి. మ్రొక్కినవారి రాజ్యము మ్రొక్కులందినవారి పాలైనది.

ఈ కథ చరిత్రగ్రంథములలో కలదు, పిల్లల నవలలలో కలదు, చలనచిత్రములలో కలదు. 1719లో ఇంగ్లండులో అచ్చయిన ‘రాబిన్‌సన్ క్రూసో’ను చదువని బాలుడు అరుదు. అందులో ఫ్రైడే యను సేవకుడు క్రూసో తుపాకిని చూచి విభ్రాంతుడై, తాను అడ్డుచెప్పనిచో తనకును తన తుపాకికిని కూడ పూజ చేసియుండునని క్రూసోయే చెప్పుకొనును. గమనింపదగినది, ఆ మాట చెప్పినవాడు క్రూసో, ఫ్రైడే కాదు. ఈ ప్రసంగమంతయు ఆ చిన్న భేదమును గూర్చినదే.

మొదటి సాక్షి క్రిస్టఫర్ కొలంబసు. ఆతడు 1492వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన పడమటి సముద్రములోని ద్వీపములను చేరెను. 1493లో ఆతని లేఖ బార్సిలోనాలో అచ్చయి, వెంటనే లాటిను భాషలోనికి మార్పబడి, ఐరోపా నగరములలో వ్యాపించెను. ఆ ద్వీపవాసులు తానును తన ఓడలును ఆకాశమునుండి వచ్చినట్లు నమ్మిరని ఆతడు అందులో వ్రాసెను. అప్పటికి ఆతడు ఆ జనుల నడుమ గడపినది కొద్ది మాసములు. వారి భాష ఆతనికి రాదు, ఆతని భాష వారికి రాదు. ఆతడు వెంట తీసికొనిపోయిన దుబాసీకి హీబ్రూ, అరబ్బీ వంటి భాషలు తెలియును గాని, ఆ ద్వీపములలో ఆ భాషలు వినువారే లేరు. చేతిసైగలతో నీటికుండ నడుగవచ్చును, దారి నడుగవచ్చును. ఎదుటివారి మతవిశ్వాసమును సైగలతో నిర్ణయించుట యెట్లు? చేతులు పైకెత్తి కేకవేసినవాడు భక్తుడా, భయపడినవాడా, పొరుగువారిని పిలుచుచున్నవాడా? కొలంబసు తనకు నచ్చిన యర్థమును గ్రహించెను. ఆ యర్థమే అచ్చుయంత్రమునకెక్కెను.

ఈ కథకు మిక్కిలి ప్రసిద్ధమైన రూపము మెక్సికో దేశమునకు సంబంధించినది. ఎర్నాన్ కోర్తెస్ అను స్పెయిన్ దేశీయుడు సుమారు ఐదువందలమంది సైనికులతోను, పదునారు గుఱ్ఱములతోను 1519లో ఆ దేశపు తీరమున దిగెను. ఆ యేటి నవంబరు 8వ తేదీన సరస్సు నడుమనున్న తెనోచ్‌తిత్లాన్ మహానగరమును ప్రవేశించెను. మోక్తెజూమా యను చక్రవర్తి ఆతని కెదురేగెను. 1521 ఆగష్టు 13వ తేదీన ఆ నగరము కూలెను. ఇంతవరకు నిర్వివాదమైన చరిత్ర.

దీనిపై అల్లబడిన కథ వేఱు. పూర్వము కెత్సల్‌కోఆత్ల్ అను దేవుడు తూర్పుసముద్రము దాటి పోయెననియు, ఒకానొక సంవత్సరమున తిరిగివత్తునని మాట యిచ్చెననియు, సరిగా ఆ సంవత్సరముననే కోర్తెస్ వచ్చుటచే మోక్తెజూమా ఆతనిని ఆ దేవుడనియే నమ్మి, చేతులు జోడించి సింహాసనము నప్పగించెననియు చెప్పుదురు. అమెరికా చరిత్రకారుడు విలియం ప్రెస్కాట్ 1843లో ప్రకటించిన మెక్సికో విజయచరిత్ర ఈ కథకు ఆంగ్లభాషా లోకమున గొప్ప ప్రచారము కల్పించెను. ప్రెస్కాట్ గొప్ప పరిశ్రమి. చూపు దాదాపు పోయినను స్పెయిన్ పత్రములను చదివించుకొని గ్రంథము వ్రాసెను. కాని ఆతడు మెక్సికోలో అడుగిడినవాడు కాడు. ఆతని వెనుక బడిపుస్తకములు, ఆ వెనుక నాటకములు, సినిమాలు ఆ మాటనే వల్లించినవి.

ఊరిలో తగవు వచ్చినపుడు పంచాయతీ పెద్దలు ముందడుగునది ఒక్కటే: కన్నవాడెవడు, విన్నవాడెవడు? ఆ ప్రశ్ననే ఇచ్చటను అడుగవలెను.

కన్నవాడు కోర్తెస్. ఆతడు 1520 అక్టోబరు 30వ తేదీన తన రాజునకు వ్రాసిన దీర్ఘలేఖ నిలిచియున్నది. అందులో మోక్తెజూమా చేసినట్లు ఒక ప్రసంగమును వ్రాసెను. తమ పూర్వులు దూరదేశమునుండి వచ్చినవారనియు, వారిని తెచ్చిన ప్రభువు తిరిగిపోయెననియు, ఆతని సంతతివారు వచ్చి యేలుదురని తాము తలంచుచుంటిమనియు చక్రవర్తి చెప్పెనట. అందులో కెత్సల్‌కోఆత్ల్ పేరు లేదు. కోర్తెస్ దేవుడన్న మాటయు లేదు. అంతేకాదు, అదే ప్రసంగములో మోక్తెజూమా తన బట్టలు తొలగించి దేహమును చూపి, తానును కోర్తెస్ వలెనే రక్తమాంసములుగల మనుష్యుడనేయని చెప్పెనని కలదు. తన యిల్లు బంగారు గోడల యిల్లనియు, తాను దేవుడననియు శత్రువులు కోర్తెస్‌తో చెప్పియుందురని ఆతడు పరిహసించెనట. కావున ఆ మొదటి పత్రములో దేవత్వప్రసక్తి యున్నది మోక్తెజూమాను గూర్చియే. తెల్లవానిని గూర్చి కాదు. దేవుడన్న పేరు తనకు నిజముగా లభించియుండినచో, తన ఘనతను చాటుకొనుటకే లేఖ వ్రాసిన కోర్తెస్ దానిని దాచిపెట్టునా?

ఈ ప్రసంగమును కూడ తూకము వేసియే తీసికొనవలెను. రాజు తన రాజ్యమును స్వయముగా అప్పగించెనని చూపినచో, పిమ్మట జరిగిన యుద్ధము దండయాత్ర కాక తిరుగుబాటు నణచుట యగును. కోర్తెస్ న్యాయశాస్త్రపు వాసన యెఱిగినవాడు. ఆ లేఖ యొక విధమైన వకాల్తు. పైగా ఆ సంభాషణ ఎట్లు నడచినదో చూడవలెను. చక్రవర్తి నావాత్ల్ భాషలో మాటలాడెను. మాలింత్సిన్ అను యువతి ఆ మాటలను మాయా భాషలోనికి మార్చెను. మాయావారి చెఱలో చాలకాలముండిన అగిలార్ అను స్పెయిన్‌వాడు దానిని స్పానిషులోనికి మార్చెను. ఇన్ని చేతులు మారిన మాటలో గౌరవవాక్య మేది, లొంగుబాటు వాక్య మేది?

ఈ సందేహమునకు తెలుగువారికి వివరణ మక్కఱలేదు. ఇంటికి వచ్చిన బంధువుతో, ఈ యిల్లు మీదే అనుకొనుడు అని గృహస్థు చెప్పును. ఆ బంధువు మఱునాడు ఇంటి దస్తావేజు అడిగినచో దానిని మర్యాదయందురా? నావాత్ల్ దొరబారు భాష అత్యంతవినయముతో కూడినది. అందులో అధికుడే తన్ను తగ్గించుకొని మాటలాడును. ఆ తగ్గింపే ఆతని యాధిక్యమునకు చిహ్నము.

ఇక విన్నవారి సంగతి. స్పెయిన్‌వారిని దేవతలుగా చూచిరన్న మాటను పెంచి వ్రాసినవారిలో ముఖ్యుడు గోమరా. ఆతడు కోర్తెస్ ఇంటి పురోహితుడు. మెక్సికోను ఎన్నడు చూడనివాడు. ఆతని గ్రంథము 1552లో, అనగా నగరము కూలిన ముప్పదియొక యేండ్లకు వెలువడెను. గోమరా వ్రాతలను ఖండింపబూనిన వృద్ధసైనికుడు బెర్నాల్ దియాస్. ఆతడు కోర్తెస్ దండులో నిజముగా నడచినవాడు. తమ్ము ఆ జనులు ‘తెవుల్’ అని పిలిచిరనియు, ఆ మాటకు దేవతలని గాని దయ్యములని గాని యర్థమనియు ఆతడును వ్రాసెను.

ఆ మాటయే ఈ కథకు మూలస్తంభము. నావాత్ల్ భాషలో ‘తెయోత్ల్’ అను పదమును స్పెయిన్‌వారి నాలుక తెవుల్‌గా మార్చినది. దానికి దేవుడను అర్థము నిజముగా కలదు. కాని అర్థ మంతటితో నిలువదు. అద్భుతమైనది, భయంకరమైనది, లోకసామాన్యము కానిది, దేవతావేషము ధరించినవాడు, ఇవన్నియు ఆ మాట పరిధిలోనివే. ఎన్నడు చూడని మనుష్యులు వచ్చినపుడు వారిని పిలుచుటకు ఒక పేరు కావలెను. ఆ జనులు మనిషిని ఆతని యూరి పేరుతో గుర్తించువారు. ఈ క్రొత్తవారి యూరు తెలియదు. కాన ఉన్న మాటలలో ఒకటి వాడిరి. పిమ్మట వారి దేశము కస్తీల్ అని తెలియగానే వారిని ‘కష్తిల్‌తెకా’, అనగా కస్తీల్‌వారు, అని పిలువసాగిరి.

తెలుగులో ‘దేవర’ యను మాటను తలంచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. దేవర యనగా దేవుడు. దేవర యనగా రాజు. దేవర యనగా జమీందారు. ‘స్వామి’ గుడిలో నున్నాడు. ‘స్వామీ’ అని పిలువబడువాడు వీథిలో నడచుచున్నాడు. ‘ప్రభువు’ పరమాత్ముడును అగును, పన్ను వసూలుచేయువాడును అగును. ‘చిత్తము దేవరా’ అని వంగి నిలిచిన రైతును చూచి ఒక పరదేశి, తన్ను ఈ దేశమున దేవుడని నమ్మిరని ఇంటికి జాబు వ్రాసినచో ఆ రైతు ఏమనును? ఆ దేవరను గూర్చి ఆ రైతు ఇంటికి పోయి అరుగుమీద చెప్పుకొను మాటలు ఆ జాబులోని కెక్కునా? పెరూ దేశమందును ఇట్లే జరిగెను. అక్కడి ‘విరకోచా’ అను దేవతానామము స్పెయిన్‌వారికి పేరైనది. నేటికిని కెచువా భాషలో ఆ మాట పెద్దమనిషిని మర్యాదగా పిలుచుటకు వాడబడును. దాని వెనుక పూజయు లేదు, నైవేద్యమును లేదు.

1524లో మెక్సికో చేరిన పాదిరీలలో మోతొలినీయా యను ఆయన ఒక్క చిన్న విషయమును వ్రాసిపెట్టెను. ఆ దేశీయులు స్పెయిన్‌వారిని తెవుల్ అనుచుండగా, దేవు డొక్కడేయని బోధించుటకై పాదిరీలు ఆ పిలుపును మాన్పించి, క్రైస్తవులని పిలువుడని నేర్పిరట. అందులకు కొందఱు అవివేకులైన స్పెయిన్‌వారు నొచ్చుకొని ఫిర్యాదు చేసిరట. దేవత్వముపై మమకార మెవరిదో ఈ యొక్క సంగతి తేటపఱచుచున్నది.

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ కలదు. తెల్లవారిని దేవతలనుకొంటిమని ఆ దేశీయులే స్వయముగా వ్రాసియుండలేదా? వ్రాసిరి. దానిని దాటవేయరాదు. సహగూన్ అను పాదిరీ 1529లో మెక్సికో చేరి, తన దీర్ఘజీవితమంతయు అచ్చటనే గడపెను. త్లతెలోల్కోలో 1536లో స్థాపింపబడిన కళాశాలలో చదివిన దేశీయ యువకుల సాయముతో, నావాత్ల్ భాషలో పండ్రెండు సంపుటముల మహాగ్రంథమును కూర్చెను. అది నేడు ఇటలీలోని ఫ్లారెన్సు గ్రంథాలయమున భద్రముగా నున్నది. దాని పండ్రెండవ సంపుటము యుద్ధచరిత్ర. అందులో ఎనిమిది దుశ్శకునములు, మోక్తెజూమా వణకుట, కోర్తెస్‌ను వచ్చిన దేవుడని తలంచి దేవతావస్త్రములు పంపుట, అన్నియు కలవు.

కాని అది వ్రాయబడినది యుద్ధము ముగిసిన ముప్పది యేండ్లు మొదలు ఏబది యేండ్ల వఱకు గల కాలమున. వ్రాసిన యువకులు ఓడిపోయిన ప్రభువంశముల బిడ్డలు. పాదిరీల బడిలో లాటినును, ఐరోపా గ్రంథములును చదివినవారు. ఆ దుశ్శకునములలో కొన్ని ప్రాచీన రోమను చరిత్రకారులు చెప్పిన శకునములను పోలియున్నవని పండితులు గుర్తించిరి. అన్నిటికంటె ముఖ్యమైనది వారి మనోవేదన. తమ తాతలు లోకము నేలిరి. తండ్రులు నగరమును కోల్పోయిరి. ఎందుకు ఓడిరి? తండ్రులు చేతకానివారా? కాదు, దేవుడే వచ్చెనని పొరబడిరి, విధియే పగబట్టినది. ఓడిన యింటిలో పుట్టిన బిడ్డకు ఈ సమాధానము కొంత ఊరట. అయితే అందులోను తప్పంతయు మోక్తెజూమా మీదకే నెట్టబడినది. త్లతెలోల్కోవారు తెనోచ్‌తిత్లాన్‌వారికి పూర్వమునుండి లోబడియుండినవారు. ఆ రాజును పిఱికివానిగా చూపుట వారికి కష్టము కాలేదు.

ఆశ్చర్యమేమనగా, ఆ సంపుటమే మఱొక చోట స్పెయిన్‌వారు బంగారమును చూచి కోతులవలె ఎగబడిరనియు, పందులవలె ఆశపడిరనియు వర్ణించుచున్నది. దేవతలను కోతులతోను, పందులతోను పోల్చు భక్తు లెవరు?

మాటలను విడిచి చేతలను చూచినచో సందేహము మఱింత తీరును. కోర్తెస్ తీరమున దిగినపుడే మోక్తెజూమా దూతలు వచ్చి, ఓడలను, ఫిరంగులను, గుఱ్ఱములను బొమ్మలుగా చిత్రించుకొని రాజధానికి కొనిపోయిరి. అది రాజనీతి, ఆరాధన కాదు. ఆతడు కానుకలు పంపుచునే రాజధానికి రావలదని వారింపజూచెను. దేవుడు వచ్చినచో ఎవడును రావలదనడు. దారిలో త్లష్కాలావారు దేవతలను ఆయుధములతోనే యెదుర్కొనిరి. ఒక గుఱ్ఱమును నఱికి, దాని ముక్కలను ఊరూర చూపించిరని బెర్నాల్ దియాసే వ్రాసెను. ఈ మృగము చచ్చును, దీని మీది మనుష్యుడును చచ్చును అని చాటుటకు అంతకుమించిన దండోరా లేదు. 1520 జూన్ 30వ తేదీ రాత్రి రాజధానినుండి పారిపోవుచు వందలకొలది స్పెయిన్‌వారు కట్టలమీదను, కాలువలలోను ప్రాణములు విడిచిరి. వారిని చంపినవారు భ్రమలో నున్నవారు కారు.

మఱి ఆ మహానగర మెట్లు కూలెను? అద్భుత మక్కఱలేదు, కారణములు చాలును. త్లష్కాలావారు మొదట పోరాడి, పిమ్మట తమ పాతశత్రువులపై పగదీర్చుకొనుటకు కోర్తెస్‌తో చేతులు కలిపిరి. వేలకొలది యోధులను ఇచ్చిరి. 1520లో మశూచి వ్యాపించి లెక్కకు మీఱిన జనమును పొట్టనబెట్టుకొనెను. మోక్తెజూమా తరువాత సింహాసనమెక్కిన క్వితావాక్ కొద్దిదినములకే ఆ వ్యాధితో మరణించెను. ఉక్కు కత్తులు, గుఱ్ఱములు, సరస్సుపై కట్టిన పడవలు, సముద్రమార్గమున వచ్చుచుండిన క్రొత్త బలగములు తోడయ్యెను. ఆ నగరవాసులు తిండిలేక, మంచినీరులేక నెలలతరబడి పోరాడి ఓడిరి. ఇంటింట పోరాడి కూలిన ఆ జనులను మ్రొక్కుచు లొంగిపోయినవారని వర్ణించుట చచ్చినవారిని రెండవమారు చంపుటయే. ఈ కథవలన కలుగు అసలైన కీడు ఇదియే. ఓడినవానినుండి దేశమును గైకొనిన పిమ్మట ఆతని బుద్ధిని, ఆతని ధైర్యమును కూడ ఇది గైకొనుచున్నది.

ఇంతకాలము ఈ యన్యాయము ఏల నిలిచినది? సమాధానము గ్రంథాలయమునకు సంబంధించినదే. ఓడినవారి పుస్తకములు మిగులలేదు. మెక్సికోలో చిత్రలిపి గ్రంథములు రాసులుగా దగ్ధమయ్యెను. మాయావారి దేశములో 1562 జూలై 12న మనీ యను ఊర దియెగో దె లాందా యను పాదిరీ వారి గ్రంథములను కుప్పవోసి కాల్పించెను. వానిలో సైతాను మాయలే యున్నవని ఆతని యభిప్రాయము. వానిని కాల్చుచుండగా ఆ ప్రజలు మిగుల దుఃఖించిరని కూడ ఆతడే వ్రాసెను. స్పెయిన్ రాకకు పూర్వపు మాయా గ్రంథములు నేడు లోకమున మిగిలినవి నాలుగు మాత్రమే. ఒక పక్షపు సాక్ష్యము కాలిపోయినపుడు రెండవ పక్షపు సాక్ష్యమే తీర్పగును.

మిగిలిన నాలుగింటిలో ఒకటి జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున కలదు. అందులో గ్రహణముల గణనపట్టికలు కలవు. ఈ విషయమును మనసునందుంచుకొని నవలలవైపు చూడవలెను. 1504లో జమైకా ద్వీపమున చిక్కుపడిన కొలంబసు, తన పంచాంగము చూచి చంద్రగ్రహణము వచ్చునని తెలిసికొని, దేవుడు చంద్రుని హరించునని అక్కడి జనులను బెదరించి ఆహారము సంపాదించెనని ఆతని కుమారుడు వ్రాసెను. ఆ యుపాయమే రైడర్ హాగర్డ్ 1885లో వ్రాసిన ‘సాలమన్ రాజు గనులు’ అను నవలలో ఆఫ్రికాకు చేరెను. అందులో ఆంగ్లేయులు తాము నక్షత్రములనుండి వచ్చినవారమని చెప్పి, గ్రహణముతో ఆ జనులను భయపెట్టుదురు. కట్టుడుపండ్లు కూడ అందులో మహిమ యగును! ఆ నవల పలుమారులు సినిమాగా వచ్చెను. గ్రహణగణనము తెల్లవాని సొత్తని ఆ పుస్తకములు బాలురకు నేర్పినవి. గ్రహణస్పర్శ, మోక్షకాలములు పంచాంగమున చూచి స్నానమునకు పోవు తెలుగు పల్లెవాడు ఆ ఘట్టమును చదివి నవ్వుకొనవలసినదే.

కిప్లింగ్ 1888లో ప్రకటించిన ‘రాజు కాగోరినవాడు’ అను కథ ఇంకొక తెఱగు. ఇద్దఱు ఆంగ్లేయ దేశదిమ్మరులు హిందూకుష్ పర్వతములలోని కాఫిరిస్తానమునకు పోయి, దేవతలుగా చలామణి యగుదురు. పెండ్లికూతురు కొఱుకగా రక్తము వచ్చును; దేవుడు కాడు, దయ్యము కాడు, మనిషియేయని జనులు తిరుగబడుదురు. జాన్ హస్టన్ 1975లో దీనిని చలనచిత్రముగా తీసెను. ఇందులో మోసము బయటపడుట మెచ్చదగినదే. కాని రక్తము చూచువఱకు ఆ జనులకు బుద్ధి పుట్టదన్న భావము మాత్రము మాఱలేదు. పీటర్ షాఫర్ 1964 నాటి నాటకము, 1969 నాటి దాని సినిమా పెరూ చక్రవర్తి పిజారోను తెల్లదేవుడని నమ్మినట్లే చూపినవి. 2000 సంవత్సరమున వచ్చిన ‘ఎల్ డొరాడోకు దారి’ అను బొమ్మల చిత్రములోను ఇద్దఱు స్పెయిన్ మోసగాండ్రు దేవతలుగా పూజ లందుకొందురు. బంగారపు రంగులతో, పాటలతో పిల్లల మనసులలోనికి ఆ పాతకథ మరల దిగినది. తెరమీది బొమ్మకు పుస్తకముకంటె బలమెక్కువ. పుస్తకమును ఆపి ఆలోచింపవచ్చును, సినిమా ఆగదు.

అన్ని చోట్లను తీర్పు సులభమని చెప్పరాదు. కెప్టెన్ కుక్ అను ఆంగ్లనావికుడు 1779 జనవరి 17న హవాయీ ద్వీపములోని కెయలకెకువా అఖాతమున లంగరు వేసెను. అది లోనో యను దేవునికి ఉత్సవములు జరుగు ఋతువు. ఆతనిని గుడికి గొనిపోయి, ఎఱ్ఱని వస్త్రము కప్పి, లోనో యని పిలిచిరి. ఓడ కొయ్య విఱుగగా తిరిగివచ్చిన ఆతడు, దొంగిలబడిన పడవకై అక్కడి రాజునే పట్టుకొనబోయి, ఫిబ్రవరి 14న తీరమున చంపబడెను. హవాయీవారు తమ ధర్మమునకు తగినట్లు ఆతనిని లోనోగా గ్రహించిరని మార్షల్ సాలిన్స్ అను అమెరికా పండితుడు వాదించెను. సింహళ దేశస్థుడైన గణనాథ ఒబెయసేకర 1992లో ఒక గ్రంథము వ్రాసి దానిని ఖండించెను. ఆ జనులు ఆతనికి ఇచ్చినది ఒక గొప్ప నాయకుని గౌరవ మనియు, ఆతనిని దేవునిగా చేసినది ఐరోపావారే యనియు ఆయన వాదము. 1794లో లండనులో అచ్చయిన ఒక చిత్రములో కుక్ మేఘములపై స్వర్గమునకు పోవుచున్నట్లు చిత్రింపబడిన మాట సత్యము. సాలిన్స్ 1995లో మరల జవాబు వ్రాసెను. ఈ వివాద మింకను తీరలేదు. ఇరుపక్షములవారి మాట చదివి తూచుకొనుట పాఠకుని ధర్మము.

కృతజ్ఞత వేఱు, భ్రాంతి వేఱు అను సంగతి గోదావరి తీరమున చూడవచ్చును. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహమునకు రైతులు పూలమాలలు వేయుదురు. పుణ్యాత్ముడని తలంచుకొందురు. ఆ పూలమాలను చూచి, ఈ దేశపువారు ఒక ఇంజనీరును దేవుడనుకొనిరని వ్రాసినవాడు తప్పు వ్రాసినవాడగును. నీరెట్లు వచ్చినదో, రాయెవరు మోసిరో ఆ రైతులకు తెలియును. మోసినది వారి తాతలే.

కాబట్టి ఒక పుస్తకము చేతికి వచ్చినపుడు కొన్ని ప్రశ్నలు అడుగుట మేలు. దీనిని వ్రాసిన దెవరు? ఎన్నడు వ్రాసిరి? తాము చూచి వ్రాసిరా, ఇతరులు చెప్పగా వ్రాసిరా? ఎదుటివారి భాష వారికి వచ్చునా? ఈ కథవలన లాభ మెవరికి? ఎదుటిపక్షపు పుస్తక మేమైనది? ఈ ప్రశ్నలకు గొప్ప పాండిత్య మక్కఱలేదు. పంటలెక్క అడుగు రైతునకు, తూకము చూచు గృహిణికి ఇవి నిత్యము తెలిసినవే. తూకపురాయిని పరీక్షించు చేయి పుటను కూడ పరీక్షింపగలదు.

అట్లని క్రూసోను, కిప్లింగును బీరువానుండి తీసివేయుమని ఎవరును చెప్పరాదు. మనీలో జరిగిన పని అదియే. వాని ప్రక్క మఱొక పుస్తక ముండవలెను. ఫ్రైడే తన మాట తాను చెప్పుకొను పుస్తకము, త్లష్కాలా యోధుని వైపునుండి వ్రాసిన పుస్తకము, హవాయీవాని పుస్తకము. రెండును ఒకే అరలో నున్ననాడు పాఠకుడు న్యాయాధిపతి యగును. ఒక్కటియే యున్ననాడు వాడు వినువాడు మాత్రమే.

ఈ గ్రంథాలయపు అరలు ఇరువదియైదేండ్లలో నిండినవి. రానున్న ఇరువదియైదేండ్లలో వానికి జతపుస్తకములు చేరుగాక. ఈ యూరి బిడ్డలు ఏ పుటలోను మనుష్యుని దేవునిగా గాని, మనుష్యుని పశువుగా గాని చూడక, మనుష్యునిగానే చూచు చదువు నేర్తురుగాక.

స్వస్తి.